పని ఇడిసి

దమ్మాం లేబర్ ఆఫీసు, రెండో అంతస్తు.
గోడ మీద బోర్డు:
అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ, బెంగాలీ, తగలాగ్.
ఆ కింద కాస్త ఖాళీ జాగా ఉంది,
ఏసీ నీళ్లు కారి చెమ్మపట్టి.

నేను టీ కెటిల్ వాణ్ణి. రాజోలు అవతల మా ఊరు.
"నీకు వీళ్ల భాష వచ్చుగా, రా" అని
ఏడో కౌంటర్ శంషీర్ పిలిచాడు.
మలయాళీ. అరబ్బీ మంచినీళ్లలా మాట్లాడతాడు.
తెలుగు మాత్రం వాడికి డబ్బాలో గులకరాళ్లు.

ఎదురుగా బోదాసు పోశాలు, మెట్‌పల్లి దిక్కు మనిషి.
చేతిలో దవాఖాన చీటీ, మడతల దగ్గర చిరిగి.
"పానం మంచిగ లేకుండె సారూ.
పని ఇడిసి దవాఖానకు పోయిన.
మల్లొచ్చెటాలకు గేటు బందువెట్టిన్రు."

విన్నాను. విన్నాననుకున్నాను.
నా వచ్చీరాని హిందీలో అన్నాను: కామ్ ఛోడ్‌కే గయా.
శంషీర్ దాన్ని ఇంకా పొట్టి చేశాడు.
తెల్ల తోబు గుమస్తా తలెత్తకుండా
ఒక్క మాట రాశాడు,
హురూబ్.
పారిపోయాడని.

మూడు నోళ్లు దాటేసరికి
ఆరడుగుల మనిషి
నాలుగు అరబ్బీ అక్షరాలంత అయ్యాడు.

మెట్ల మీద టీ అందిస్తూ అడిగాను,
పని ఎందుకు వదిలేశావన్నా?
వింతగా చూశాడు.
"ఇడుసుడేంది, ఐదు గొట్టంగ అందర్నీ ఇడుస్తరు గద,
పొద్దుమూకంగ ఎడ్లను ఇడిసినట్టు.
పొద్దుగాల మల్ల కడ్తరు."

కప్పు నా చేతిలోనే ఉండిపోయింది.
గోదారి ఒకటే కదా,
ధర్మపురి దగ్గర మునిగిన మాట
మా రేవులో తేలుతుందనుకున్నాను.

పైకి పరిగెత్తాను.
శంషీర్, తప్పు చెప్పాను, పారిపోలేదు, పని అయిపోయాకే...
వాడు ముద్ర చూపించాడు. ఇంకా తడిగా ఉంది.
దిద్దడానికి ఫారం ఉందట.
గుర్తింపు ఉన్న అనువాదకుడు సంతకం పెట్టాలట.
తెలుగుకి ఆ అనువాదకుడు
బోర్డు కింద చెమ్మలో ఉన్నాడు.

ఇది మార్చి సంగతి.
పోశాలు నంబరు ఇప్పుడెవరో ఫిలిప్పీనో ఎత్తుతున్నాడు.
మర్యాదగా సారీ అంటాడు.

కౌంటర్ దగ్గరికి పిలిస్తే ఇప్పటికీ వెళ్తాను, వెళ్లక ఎలా.
ముందు మాత్రం ఒక టీ పోసి,
ఏ జిల్లా అన్నా, అని అడుగుతాను.
పని ముగిస్తే మీ వైపు ఏమంటారు?
దిగినం అన్నాడొకడు.
రాయచోటి ఆవిడ సాలిచ్చినాం అంది.
పేపర్ కప్పుల మీద రాసుకుంటున్నాను,
వాడేసినవైనా సరే.
మేనేజరు తిడుతున్నాడు,
ఈ చెత్తంతా ఎందుకు దాస్తావని.
హిందీలో తిడుతున్నాడు. అర్థమైంది.
అర్థమైందనుకుంటున్నాను.