ఉత్తమ పురుష

ఆమె పేరు చెప్పకూడదు, నియమం.
నా పేరూ అక్కర్లేదు, నాకొక నంబరుంది.
సన్‌షైన్ మెజిస్ట్రేట్ కోర్టు, మూడో గది,
పొద్దున పదీ ఇరవై.
ఆమె కుర్చీకి జానెడు వెనక నా కుర్చీ.

ఆమె "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
"ఆమె అంటోంది" అని పక్కకి తప్పుకోవడానికి వీల్లేదు.
బళ్ళో తెలుగు మేడమ్ దీన్ని ఉత్తమ పురుష అనేది.
వెనక బెంచీలో నవ్వుకునేవాళ్ళం.

మొదటి వాక్యమే గొంతుకి అడ్డం పడింది.
"నా మీద చెయ్యి చేసుకున్నాడండీ."

చెయ్యి చేసుకోవడం.
తల దువ్వుకోవడం, అన్నం వండుకోవడం లాగా
తన కోసం తాను చేసుకునే పనిలా ఉంటుంది మన భాషలో.
తగిలినవాళ్ళు ఒక చిన్న "మీద"లో ఇరుక్కుని ఉంటారు.
దెబ్బలేమో మనం తింటాం.

ఇంగ్లీషులో అంత మర్యాద దొరకలేదు.
కొట్టాడు, అన్నాను. నన్ను, అన్నాను.
మెజిస్ట్రేటు తలెత్తి నావైపే చూసింది.

అతను తెర మీద ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో.
అతనికి నా అవసరం లేదు, ఇంగ్లీషు చక్కగా వచ్చు.
మధ్యలో చెయ్యెత్తి నన్ను సరిదిద్దాడు కూడా:
"మా భాషలో అది అంత పెద్ద మాట కాదండీ."
ఆ వాక్యాన్ని ఆమె కోసం తెలుగులోకి తెచ్చాను.
ఆమె తల ఊపింది, అలవాటుగా.

తేదీ అడిగారు.
"ఎర్రమూత బిన్ను వీధిలో పెట్టే రాత్రి.
వాన. బిన్ను సంగతి నేను మర్చిపోయాను."
టార్నిట్‌లో ఆ వీధికి చెత్తబండి ఏ వారం వస్తుందో
గుమాస్తా వెతకడం మొదలుపెట్టాడు.

అరచేయా, గుప్పిటా అని అడిగారు.
అడిగాను.
"ముందు అరచేయి. పాప పుట్టాక గుప్పిట.
ఈమధ్య అదీ లేదు.
తాళాలు టేబుల్ మీద పెట్టే చప్పుడొక్కటి చాలు."

దీని ప్రభావం మీ మీద ఎలా ఉంది, అన్నాడు కుర్ర లాయరు.
చాలాసేపు ఆలోచించి
"తాలింపు వెయ్యడం మానేశాను" అంది.

నూనె, ఆవాలు, ఎండుమిరప అంటూ తడుముకున్నాను.
అంతకు మించి నేను వివరించకూడదు, అదీ నియమమే.
తనే చెప్పింది, మెల్లగా:
"ఆవాలు చిటపటలాడితే కారు వచ్చిన చప్పుడు వినపడదు.
డోరు ఎలా వేశాడో వింటేగానీ
పాపని ఏ గదిలో ఉంచాలో తెలీదు.
ఎనిమిది నెలలుగా ఉట్టి పప్పే."

ఆర్డరు ఇచ్చారు. రెండొందల మీటర్ల లోపలికి రాకూడదు.
"అంటే ఎంత దూరమండీ?"
పెద్ద ఆటస్థలం, ఈ చివరనించి ఆ చివరకంటే కొంచెం ఎక్కువ, అన్నారు.
"అయితే అరిస్తే వినిపిస్తుందన్నమాట."
అదీ చెప్పాను, ఉత్తమ పురుషలోనే.
ఎవరు అరిస్తే అని ఎవరూ అడగలేదు.

బయట లిఫ్టు దగ్గర నా చీటీ మీద సంతకం పెడుతూ
"అక్కా, అచ్చం మీకే జరిగినట్టు చెప్పారు" అంది.
కోర్టు గది బయట మాట్లాడకూడదు.
తొంభై నిమిషాలు అని రాసి మడిచాను.

ఫుట్‌స్క్రేలో మూడో అంతస్తు.
పప్పు మెదిపాను. నూనె కాగింది.
మొదటి ఆవగింజ పేలగానే
స్టవ్ కట్టేశాను, ఎందుకో తెలిసేలోపే.
గరిటె పట్టుకుని వింటున్నాను.

నాకు గ్యారేజీ లేదు. కారు లేదు.
నాలుగేళ్ళుగా ఈ ఇంటి రెండో తాళంచెవి
ఎవరి దగ్గరా లేదు.

బాండ్లీలో ఇంకా ఒకటీ అరా
పేలుతూనే ఉన్నాయి.