గడియారం అడుగున

బారోలో వాన అడ్డంగా కురుస్తుంది
సముద్రం మీంచి, గొడుగుని లెక్కచేయకుండా.
అందుకే ఈ ఊళ్లో మరమ్మతులన్నీ లోపలి మరమ్మతులే.
ఈ మార్చిలో ముందుగది వంతు.

మూడు పొరల గోడకాగితం తడిపి తడిపి గీకాం:
పైన లేతగులాబీ చారలు,
దాని కింద గోధుమరంగు వలయాలు,
మరీ కింద, ఎవరు ఏరి తెచ్చారో గాని,
ఎగిరే బాతులు, అన్నీ ఒకే దిక్కుకి, కిటికీ వైపు.
కత్తి తగిలి ఒక్కో బాతూ ముక్కూ రెక్కా ఊడి
బకెట్‌లో ముద్దయింది.
రోలండ్ జుట్టు నిండా సున్నం.
"ఎనభైకి ఇలా ఉంటావన్నమాట" అన్నాను.
"ఇంకా పద్ధెనిమిదేళ్లుంది" అన్నాడు.

ఇక మిగిలింది ఫైర్‌ప్లేస్ మీది మాంటెల్ చెక్క.
దాని మీద మా అత్తగారు డోరీన్ గడియారం.
నేను కాపురానికొచ్చేనాటికే అది ఆగి ఉంది,
నాలుగుకి పది నిమిషాల దగ్గర.
దాని చుట్టూ తుడిచాం,
క్రిస్మస్ కార్డులు దానికే ఆనించి నిలబెట్టాం,
గ్యాస్ బిల్లు, పళ్ల డాక్టరు చీటీ, తాళంచెవులు
అన్నీ దాని మోకాళ్ల దగ్గరే.
జరపడం మాత్రం ఎన్నడూ లేదు.
అమ్మ పెట్టిన చోటు, అనేవాడు,
చర్చిలో దగ్గినంత మెల్లగా.

నిన్న ఎత్తక తప్పలేదు.
నేనో పక్క, తనో పక్క,
నిద్రపోయే పిల్లని మంచం మార్చినట్టు.

అడుగున రంగు లేదు.
అరవై ఏళ్లుగా ఎందరు బ్రష్ పట్టారో,
తెలుపు మీద మీగడరంగు, మీగడ మీద మళ్లీ తెలుపు,
ప్రతివాళ్లూ గడియారం అంచుదాకా వచ్చి
మర్యాదగా పక్కనుంచి వెళ్లిపోయారు.
ఆ పొరల మధ్య పల్లంలో, ఒట్టి చెక్క మీద
మాడిన మచ్చ.
ముందు మొనదేలి, వెనక వెడల్పై,
పడవలా.
ఓడలు కట్టే ఊరు కదా, మొదట అలాగే అనుకున్నాం.

ఇస్త్రీపెట్టె.

మావిస్ పిన్నికి ఫోన్ చేశాడు.
ఎనభై ఎనిమిదేళ్లు, చెముడుంది గాని మరుపు లేదు.
ఆవిడ నవ్వు ఫోన్ దాటి గదిలోకొచ్చింది.
"మీ అమ్మకి ఆ గడియారం అంటే ఒళ్లుమంట, తెలుసా?
రేడియోలో ఏదో డాన్సు పాట వస్తోంది,
మీ నాన్న చొక్కా సగంలో ఉంది,
అందిన చోట పెట్టె పెట్టేసి నన్ను లాక్కుని తిప్పింది.
మాడు వాసన వచ్చేదాకా తిరుగుతూనే ఉన్నాం.
ఇంటాయన శుక్రవారం అద్దెకొస్తాడు, డేగకళ్లు వాడివి.
గురువారం పరిగెత్తి, వాయిదాల మీద
కొట్లో అన్నిటికన్నా అడుగు వెడల్పైన గడియారం తెచ్చింది.
బాకీ తీరేసరికి నీకు పళ్లొచ్చాయి.
అందులో పావు వంతుకి చెక్కే మారేదిరా!"

ఫోన్ పెట్టేసి రోలండ్ చాలాసేపు
ఆ మచ్చ మీద అరచెయ్యి ఆన్చి నిలబడ్డాడు,
ఇంకా వేడుందేమో అన్నట్టు.
అమ్మ డాన్సు చేస్తుండగా తనెప్పుడూ చూళ్లేదట.
కూర్చుని ఉండగా కూడా
పెద్దగా చూసిన గుర్తు లేదట.

పూడ్చేద్దామా అన్నాను. పుట్టీ డబ్బా తెరిచే ఉంది.
వద్దనలేదు, సరేననీ అనలేదు.
మచ్చ చుట్టూ టేపు అంటించటం మొదలెట్టాడు
నాలుక కొన పళ్ల మధ్య పట్టుకుని,
మొన దగ్గర రెండుసార్లు పీకి, మళ్లీ.
మిగతా చెక్కకి నేను సముద్రపు నురుగు రంగు ఒక చెయ్యి వేశాను.
డబ్బా మీద పేరు అదే గాని
మా సముద్రం నురుగు అలా ఉండదు,
చల్లారిన టీ మీది తెట్టులా ఉంటుంది.

గడియారం ఇప్పుడు మెట్ల కింద, వాక్యూమ్ క్లీనర్ పక్కన.
రేపు రెండో చెయ్యి. ఎల్లుండి కర్టెన్లు;
వాటి విషయంలో ఇంకా రాజీ కుదరలేదు.

పొద్దున టీకప్పుతో వచ్చాడు,
అలవాటుగా తలెత్తి మాంటెల్ కేసి చూశాడు.
అక్కడ నల్లటి పడవ.
"టైమెంతయింది?" అన్నాను కావాలనే.
"ఆగు" అన్నాడు,
"చొక్కా ఇంకా సగంలోనే ఉంది."