వీపుకు వీపు

బేగంపేట షెడ్డుల దాని రెక్కలకు
నార గుడ్డ కుట్టింది నేనే.
షేర్వానీలు కుట్టిన మేరోళ్ల చెయ్యి;
అంగుళానికి ఎనిమిది కుట్లు,
ఒకటి తగ్గినా దొర మొత్తం ఊడదీస్తడు.

పాత బండిల ముందటోనికి, ఎనకటోనికి నడుమ
పెట్రోలు పీపా.
ఒకడు నడపాలె, ఒకడు తుపాకి పట్టాలె,
మాటేమో రబ్బరు గొట్టంల పోవాలె.
గాలి హోరు తప్ప ఏం వినరాదని
మిస్త్రీ ఖుద్రతుల్లా అన్నడు.
రెండు బండ్లు కాలంగ చూసిండట.
ఎక్కడనో చెప్పలే.

కొత్త నమూనాల పీపా ముందటికి జరిగింది.
సీట్లు దగ్గరికొచ్చినయి, వీపుకు వీపు,
ఒకని దగ్గు ఇంకొకనికి తెలిసేటంత.
ఇంజను మారింది. మల్ల మారింది.
రెక్క జానెడు పెరిగింది,
నా కొలతల కాయితం నిండ కొట్టివేతలే.

డోపు పూస్తె గుడ్డ డప్పు లెక్క బిగుస్తది,
వేలితోని కొడితె మోగుతది.
రాత్రి అన్నం ముద్దల గూడ అదే వాసన.
మా చంద్రకళ కంచం పట్టుకొని
అవతలికి జరుగుతది.

ఒక పొద్దున అది హుసేన్‌సాగర్ మీద తిరిగింది.
అందరు ఇంజను విన్నరు.
నేను కింది రెక్క ఎడమ కొస దిక్కే చూసిన:
ఆడ సూది మొన ఇరిగి లోపట్నే ఉంది.
దొరకు చెప్పలే.