పద్దెనిమిది అడుగులు

ఫిర్యాదు నంబరు వేసి నా బల్ల మీద పెట్టారు.
సంతకం లేదు. పెన్సిలు రాత.
"లైసెన్సు లేకుండా జుట్టు కత్తిరించింది,
ప్రతిఫలం కూడా పుచ్చుకుంది."
పేరు డెల్ఫా రాట్‌లిఫ్. వయసు అరవై మూడు.

ఆ ఊరు ఒకసారి చూశాను.
నడివీధిలో ఇత్తడి బిళ్లలు,
దువ్వెన మొనతో తీసిన పాపిడిలా.
ఇటు టెనెసీ, అటు వర్జీనియా.
ఒకే వాన రెండు రాష్ట్రాల్లో కురిసి
ఒకే తూములోకి పోతుంది.
తాగినవాళ్లు అటో కాలు ఇటో కాలు వేసి
ఫొటోలు దిగుతారు.

ముప్పై నాలుగేళ్లు టెనెసీ వైపు కత్తెర పట్టింది డెల్ఫా.
భవనం చేతులు మారింది, అద్దె మూడింతలైంది.
ఎదురు వరసలో మూతపడిన చెప్పుల కొట్టు తీసుకుని
రెండు కుర్చీలు, డ్రయ్యరు, పెద్ద అద్దం
మేనల్లుడి చేత వీధి దాటించింది.
పద్దెనిమిది అడుగులు.
ఎవరూ అడక్కపోయినా
లెక్కపెట్టి మరీ దరఖాస్తులో రాసింది.

ఆ దరఖాస్తుకి జవాబు కొట్టింది నేనే, మార్చిలో:
మీ శిక్షణ గంటలు మా లెక్కకు రెండు వందలు తక్కువ.
మీ బడి ఇచ్చిన పత్రం జతపరచండి.
లేదా బొమ్మ తల మీద పరీక్షకు రండి.
ఈ విషయంలో రెండు రాష్ట్రాల మధ్య
ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు.

రోజుకి ఇరవైసార్లు కొట్టే వాక్యం అది.
మాటలు మానేసిన రెండిళ్ల గురించి
మూడో ఇల్లు చెప్పినట్టుంటుంది.

ఆమె ఫోను చేసింది.
బడి మూతపడిందట, ఆ తర్వాత కాలిపోయిందట.
కోపం లేదు గొంతులో, సందేహమే:
"మీ బొమ్మ తలకి సుడి ఉంటుందా అమ్మా?"
కనుక్కుని చెబుతానన్నాను.
కనుక్కోలేదు.

ఇప్పుడీ పెన్సిలు కాగితం.
కత్తిరించిన తల ఎర్లీన్ కాడిల్‌ది.
ఆమె లేదు. కూతురు మాట్లాడింది:

"ఆరు వారాలు మంచం మీదే.
వెనక జుట్టంతా అట్టకట్టి రాయిలా అయింది.
నర్సు మిషను పెట్టి తీసేద్దామంది, అమ్మ ఒప్పుకోలేదు.
డెల్ఫా వచ్చింది. గోరువెచ్చని నీళ్లు, నూనె, వేళ్లు.
గంటన్నర పట్టింది, ఒక్క చిక్కూ లాగలేదు.
పుట్టినప్పటి నుంచీ అమ్మది ఎడమ పాపిడి.
కుట్లు కనపడకుండా
దాన్ని కుడికి మార్చింది.
అమ్మ అద్దం అడిగిందండీ.
ఏప్రిల్ తర్వాత అడగడం అదే."

నాలుగు రోజులకి పోయింది.
ఆ పాపిడితోనే పంపారు.

ఇక అడగాల్సిన ప్రశ్న అడిగాను.
"డబ్బా! ముట్టుకోలేదు.
ఊరికే ఎలా పంపుతాం చెప్పండి,
ఆపిల్ గుజ్జు కాచి పెట్టిన సీసా ఉంటే ఇచ్చాను."
గర్వంగా చెప్పింది.
తను సాక్ష్యం చెబుతున్నట్టు ఆమెకి తెలీదు.
నేను రాసుకుంటున్నాను.

ప్రతిఫలం: సీసా, ఒకటి.

నియమం ప్రకారం డెల్ఫాకీ ఫోను చేయాలి.
వెనకాల రేడియో, పళ్లెంలో చెంచా చప్పుడు.
"అవును, తీసుకున్నాను.
కడిగి మొన్ననే తిరిగి ఇచ్చేశాను ఆ సీసా.
ఖాళీది ఇవ్వడానికి మనసొప్పక
మా దొడ్డి చిక్కుళ్లు ఊరబెట్టి నింపాను.
పాపం, ఆ పిల్ల మళ్లీ ఏదో పోసి పంపేలా ఉంది.
ఇదంతా మీ ఫారంలో పడుతుందా?"

పట్టదు.
పుచ్చుకున్నదానికి గడి ఉంది,
తిరిగి ఇచ్చినదానికి లేదు.
ఎవరు ఎవరికి బాకీయో తేలేలోగా
సీసా ఇంకోసారి వీధి దాటుతుంది.

మా ఆఫీసులో ఐదున్నరకి
దీపాలు వాటంతటవే ఆరిపోతాయి,
చెయ్యి ఊపితే మళ్లీ వెలుగుతాయి.
ఊపలేదు.
పెన్ను మూత ఎక్కడో బల్ల కింద పడింది.
చీకట్లో తడుముతున్నాను.