బిగువు

రేషన్ దుకాణంల మిషిన్ మూడుసార్లు కాదన్నది నన్ను.
"తుడుసుకోని పెట్టు సైదయ్యా" అంటడు డీలరు.
తుడుస్త. పెడ్త. ఎర్రలైటు.
ముప్పై ఏండ్లు తాడు గుంజిన బొటనవేలు,
గీతలన్నీ నార్కట్‌పల్లి అడ్డ మీద్నే రాలిపోయినయి.

అప్పుడు తాడంటే నారతాడే.
వానకు నానిందంటే
ఈనవొయ్యే బర్రె లెక్క మొండికేసేది.
అటు కొక్కెం కాడ నేను, ఇటు మక్బూల్ ఉస్తాదు,
లోడు మీద నిలబడి గాలయ్య
"ఏయ్… ఇస్తున్నా" అని ఇసిరేటోడు.
కాలు బండి అంచుకు తన్నిపెట్టి
నడుం ఎనకకు ఇర్సి గుంజాలె.
"చేతులతోని కాదురా, పిర్రలతోని గుంజు!"
ఉస్తాదు మాటకు నేను నవ్విన.
ఆ రాత్రి బువ్వ ముద్ద నోటిదాంక రాలే.

కట్టుడయినంక
ఉస్తాదు తాడును వేలితోని మీటి
చెవి వంచేటోడు.
డుబ్ అంటే ఇంకో పట్టు.
టంగ్ అంటే బీడీ.
మన్ననూరు ఘాటు దిగంగ ఇనుప సలాకలు
ఎనక నుంచి క్యాబిన్ల దూరకుండ ఆపింది
బిరేకు కాదు, గా టంగ్.

తాటిపత్రి సంగతి చెప్పలే.
మడిచి నెత్తిన పెట్టుకుంటె
మెడ పెయ్యిలకు దిగుతది.
మిర్యాలగూడ ధర్మకాంట కాడ
తడి తాటిపత్రి మీంచి జారిండు గాలయ్య.
పదమూడు అడుగులు.
నడుస్తడు ఇప్పుడు, నడవక కాదు,
ఎవరో పక్క నుంచి పిలుస్తున్నట్టు
ఒక్క దిక్కుకే ఒరిగి నడుస్తడు.

ఇప్పుడు క్రేన్ వొచ్చి
గ్రానైటు బండను పసిపిల్లను పండవెట్టినట్టు పెట్టిపోతది.
బెల్టు ఏసి పిడి కొడ్తే కటకటకట.
"సుఖపడ్డవు పో" అంటరు.
అవును, పడ్డ.
కాని అటు నేనే,
ఇటు నేనే,
మీద నేనే.
పన్నెండు బెల్టులు, నలభై అడుగుల ట్రాలీ,
ఇటు ఇసిరి, సుట్టు తిరిగి, అటు బిగించి, మళ్ల సుట్టు తిరిగి…
మోకాలుకు తెలుసు లెక్క, వేబిల్లుకు తెల్వది.

సేటు ఫోను:
"అద్దంకి రోడ్డు కాడ పదకొండు నిమిషాలు ఆగినవేంది?"
"ఒంటికి పోయిన సేటూ."
"పదకొండు నిమిషాలా?"
"రాయి ఉన్నది సేటూ."
"రాయి తెల్సు, నేనే ఎక్కించిన గద లోడు!"
"అది కాదు సేటూ, కడుపుల."
కొంచెం సేపు సప్పుడు లేదు.
తర్వాత, "సరే, తొందరగ పోనియ్."

మొన్న కట్టంగూరు దాటినంక
హోటల్ ఎనక బండి ఆపిన.
పక్క ట్రాలీ ముడావత్ చందర్‌ది,
దేవరకొండ దిక్కు తండా పిల్లగాడు,
చెవులల్ల వైర్లు, ఫోన్ల ఏదో ఆట.
పోంగ పోంగ అలవాటుకు నా వేలు
వాని బెల్టును మీటింది.
డుబ్.
టార్చి ఏసి సూస్తే, బండ అంచు కాడ
బెల్టు సగం తెగి దారాలు లేసినయి.
నా డబ్బాలకెంచి పాత టైరు ముక్క తీసిచ్చిన,
కింద పెట్టి వేరే బెల్టు బిగించమన్న.
"నీకెట్ల తెల్సింది కాకా?"
ఏం చెప్పాలె.
ఉస్తాదు పేరు చెప్తె వానికేం తెలుస్తది.
"ఇనపడ్డది" అన్న. పోయి పండుకున్న.

నిద్ర రాలే. నడుం కింద సద్దరు ముడుత గూడ బండ లెక్కనే.
బయట చీకట్ల పిల్లగాడు
వైర్లు తీసేసినట్టున్నడు,
ఒక్కొక్క బెల్టు మీటుకుంట నడుస్తున్నడు.
టంగ్. టంగ్. టంగ్.
తొమ్మిదోది డుబ్.
లేవబోయి ఆగిన.
పిల్లగాడు గూడ ఆగిండు.
మళ్ల మీటిండు, మెల్లగ,
డాక్టరు కడుపు తట్టినట్టు.

కట.
కట.

నేను అటు మర్రి పన్న.