పదహారున్నర చుట్లు

ఉలాన్‌బాతర్. మైనస్ ముప్పై ఎనిమిది.
పొగకు కూడా పైకెక్కే ఓపిక లేదు,
వీధుల్లోనే చతికిలబడింది.

డ్రయర్ కన్నుగప్పిన నీటి చుక్క
గాలి గొట్టం మెడవంపులో గడ్డకట్టింది.
ఒక్క చుక్క.
ఆరో నంబరు వాల్వుకు ఊపిరి ఆగింది.

గాలి ఉన్నంతసేపూ అణిగిమణిగి ఉంటుంది స్ప్రింగు.
పోయిన మరుక్షణం
తన మాటే నెగ్గించుకుంటుంది.
కాడ కిందికి దిగింది,
వేడినీటి దారి మూసుకుంది.

ఫోన్లో దుల్మా:
"నేను సగం తెరవమన్నాను. తెర మీద సగం అనే ఉంది."
ఉంటుంది దుల్మా,
తెరకేం, నువ్వడిగిందే నీకు చూపిస్తుంది.
నేను కాడ పక్కన ఇత్తడి పలక చూస్తున్నాను.
ముల్లు సున్నా మీద నిలబడి ఉంది.

సప్లై కట్టేశాను.
డయాఫ్రం కింద మిగిలిన గాలిని బయటికి వదిలాను.
"ముందు గాలికి దారివ్వు.
దారి దొరకని గాలితో కుస్తీ పట్టకు."
జిగ్‌జిద్ మాట ఇది. నాకు పని నేర్పినవాడు,
తిట్టి నేర్పినవాడు.

చక్రం ఇనుము. తోలు తొడుగులోంచి కూడా కొరికింది.
మొదటి నాలుగు చుట్లకి ఏమీ కదలదు.
కొత్తవాళ్లు అక్కడే కంగారుపడి
గడ్డపార దూర్చి తిప్పుతారు, పళ్లు రాలగొడతారు.
అది ఖాళీ, అంతే.
ఖాళీని కూడా తిప్పాలి.
ఐదో చుట్టులో స్ప్రింగు ఎదురు తిరిగింది,
దాని కోపం నా భుజం దాకా వచ్చింది.
తొమ్మిది. పది.
పన్నెండులో పైపు గొంతు సవరించుకుంది.
"గంటకు తొంభై టన్నులు. ఇంకా."
పదిహేడు.
"ఎక్కువైంది. అర చుట్టు వెనక్కి."

గొట్టానికి గుడ్డ చుట్టి
థర్మాస్‌లోని ఉప్పు పాలటీ మొత్తం పోశాను.
మంట పెట్టకూడదు, నైలాను.
కొస విప్పితే
తుప్పురంగు తుమ్ము ఒకటి,
తర్వాత పొడి గాలి.
"వచ్చేసిందిగా, ఇక వచ్చెయ్," అంది దుల్మా.

రాను.
ఏడేళ్ల కిందట ఇలాగే వచ్చేశాను,
చక్రాన్ని తిప్పిన చోటే వదిలేసి.
మార్చిలో ఎండ కాసింది.
కంట్రోలు రూము మూసెయ్ మూసెయ్ అంటుంటే
వాల్వు సగం దాకా దిగి
నా చెయ్యి మీద ఆగిపోయింది,
అక్కడ లేని నా చెయ్యి మీద.
పేటంతా కిటికీలు బార్లా తెరుచుకుని తిట్టుకుంది.
విచారణ కాగితం మీద జిగ్‌జిద్ తన పేరు రాశాడు.
ఆ సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.
మర్నాడు మాత్రం చక్రం అంచున
ఎర్ర చుక్క ఒకటి పెట్టాడు,
భార్య గోళ్లరంగుతో.

చుక్క ఇప్పుడు సగం ఊడింది.
సప్లై తెరిచాను.
కాడ బరువు నా చేతిలోంచి గాలి చేతిలోకి పోయింది.
వెనక్కి తిప్పుతున్నాను.
స్ప్రింగు నన్ను పట్టించుకోలేదు,
దాని గొడవ ఇప్పుడు గాలితో.
పదిహేను. పదహారు. ఇంకో అర.
చుక్క పైకొచ్చింది. గొళ్లెం వేశాను.

నలభై అడిగాను, ఇచ్చింది. అరవై, ఇచ్చింది.
సగం దగ్గర వెంట్రుకవాసి తేడా.
పొజిషనర్ మూత తీసి
చిన్న మరను పావు వంతు,
కాదు, అందులో సగం తిప్పాను.

లాగ్‌బుక్‌లో:
4.40, చేతితో. 6.10, తటస్థం.
కింద నా పేరు రాశాను, పూర్తిగా,
తండ్రి పేరుతో సహా.

ఇంటికి నడుస్తుంటే
మూడో అంతస్తులో ఎవరో
కిటికీ రవ్వంత తెరిచి
సిగరెట్ పొగ బయటికి వదులుతున్నారు.
ఈ చలిలో
కిటికీ తెరిచే ధైర్యం!