ఆఖరి అరగంట

సభలో పదకొండు మంది మిగిలారు.
లెక్కపెట్టడం నా పని కాదు, అయినా లెక్కపెట్టాను.
ఒకాయన నిద్రపోతున్నాడు. ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు.
రాత్రి పది దాటి ఇరవై నిమిషాలు.
పైన గ్యాలరీలో నా ముందు నోట్‌బుక్కు,
గొంతులో సగం కరిగిన దగ్గు బిళ్ళ.
ఇక్కడ పలికిన ప్రతి మాటనీ రాతలోకి దించేవాళ్ళలో
నేనొకదాన్ని. ఈ రాత్రి ఆఖరి వంతు నాది.

హెస్లాప్ గారు లేచారు.
ఉత్తరాన, సముద్రం పక్కన స్కార్‌త్వెయిట్ ఆమె నియోజకవర్గం.
మధ్యాహ్నం నుంచీ ఏదో యుద్ధం గురించి వాదించుకున్న సభలో
ఇప్పుడామె అరవై ఒకటో నంబరు బస్సు గురించి మాట్లాడుతోంది.

పదేళ్ళ కిందట ఆఖరి బస్సు రాత్రి పదిన్నరకట.
తర్వాత తొమ్మిదింటికి. తర్వాత ఏడుంబావుకి.
ఇప్పుడు సాయంత్రం ఆరూ పదికే
డ్రైవరు లైట్లార్పుకుని డిపోకి పోతాడట.
ఊరి చివర వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగేది మాత్రం
తొమ్మిదింటికే, ఎప్పట్లాగే.
ముసలివాళ్ళని మూడు గంటలు ముందే నిద్రపుచ్చడం
ఏ కంపెనీకీ చేతకాలేదు మరి.

ఆ చివరి మాట ఆమెది కాదు, నాది. రాయలేదు.

కాగితం తిప్పింది. కళ్ళజోడు సర్దుకుంది.
"మా ఊళ్ళో పనిచేసే ఒకావిడ..." అని ఆగి
పేరు పలికింది: పేడిటాలీ.
నా పెన్ను ఆగిపోయింది.
మళ్ళీ పలికింది: పయ్యిడి టలీ.
మూడోసారికి ఒట్టి "ఆవిడ" అంది, చెవులు ఎర్రబడి.

ఇంత రాతి కట్టడంలో, ఇన్ని వందల కిటికీల వెనక
ఆ పేరు సరిగ్గా పలకగల నోరు
ఈ రాత్రికి ఒక్కటే ఉంది.
దానికి మాట్లాడే హక్కు లేదు.

పైడితల్లి.
మా విజయనగరంలో సందు మొదట నిలబడి పిలిస్తే
నలుగురు తిరిగి చూస్తారు.

ఆ పైడితల్లి డ్యూటీ దిగాక
మూడున్నర మైళ్ళు నడుస్తుందట
కాలిబాట లేని రోడ్డు మీద,
లారీ వచ్చినప్పుడల్లా ముళ్ళపొదలోకి ఒదిగి.
మెరిసే పసుపు జాకెట్టు వేసుకుంటుందట. అది
ఆశ్రమంలో పోయిన ఒక రోడ్డు మేస్త్రీది,
ఆయన కొడుకు ఇచ్చి వెళ్ళాడట.
నవంబరులో ఒక కారు అద్దం మోచేతికి తగిలింది.
ఉత్తరంలో రాసింది: ఊరికే ఎక్కించుకోమనడం లేదు,
టికెట్టు కొంటాను.

ఎవరో దగ్గారు. నిద్రపోయేవాడు లేచాడు.

మంత్రి చక్కగా మాట్లాడాడు.
గౌరవ సభ్యురాలి ఆవేదన తనకీ ఉందన్నాడు.
బస్సులు స్థానిక సంస్థ చేతిలో ఉన్నాయన్నాడు,
సంస్థకి నిధులిచ్చామన్నాడు, ఎంతో పైసలతో సహా చెప్పాడు,
ఒకసారి కూర్చుని మాట్లాడుకుందామన్నాడు.
మా తహసీల్దారు "చూద్దాం లెండి" అన్నప్పటి గొంతే.
కాకపోతే కోటు బాగుంది.

సభ వాయిదా పడింది.

కిందికొచ్చి టైపు చేశాను.
మా పద్ధతిలో తడబాట్లు తీసేస్తాం,
వ్యాకరణం దిద్దుతాం, దగ్గులు రాయం.
పేడిటాలీని కొట్టేశాను. పయ్యిడి టలీని కొట్టేశాను.
అసలు పేరు పెట్టి
రూలు ప్రకారం హెస్లాప్ గారికి చీటీ పంపాను:
పేరు ఇదేనా, ధ్రువపరచగలరు.
కోటు వేసుకుంటూనే రాసినట్టుంది, వంకర అక్షరాలు:
"ఇదే. ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పండి."
నేనెక్కడ చెప్పను?

తెలుగులో ల కింద ఇంకో ల,
ఒకదాన్ని ఒకటి మోస్తుంది.
ఇంగ్లీషులో రెండూ పక్కపక్కన నిలబడ్డాయి
స్టాపులో ఇద్దరు మనుషుల్లా.

పదకొండున్నర. వంతెన దాటితే నా బస్సు.
ఇక్కడ రాత్రంతా తిరుగుతాయి,
ఎనిమిది నిమిషాలకొకటి.
మేడమీద ముందు సీట్లో కూర్చున్నాను.
వెనక్కి తిరిగి చూస్తే
ఇంత వెలుగూ నా ఒక్కదాని కోసమే.